పాత సర్వరుకు మెమరీ పెంచడం ఎలా?

పెద్ద సంస్థలు వాడి పక్కన పెట్టిన సర్వరు కంప్యూటర్లను తక్కువ వెలకు కొని ఇంట్లోనో, సంఘ కార్యాలయంలోనో ఉంచుకొనేవారు మనలో ఉన్నారు. పెళ్ళి ఫోటోలు, పిల్లల నాట్య ప్రదర్శనల వీడియోలు, సభ్యుల పట్టికలు వాటిలో భద్రపరుస్తారు. కొంతకాలానికి యంత్రం మందగిస్తే మొదట తోచే ఉపాయం మెమరీని పెంచడం. అది కష్టమైన పని కాదు. అయితే ఎంత మెమరీ అన్న ప్రశ్నతో పాటు ఏ రకం, ఏ స్థానంలో అన్న ప్రశ్నలకు కూడా ముందుగానే సమాధానం తెలిసి ఉండాలి.

మెమరీ చేసే పని

డిస్కు బీరువా వంటిది. మెమరీ దాని ముందున్న బల్ల వంటిది. బల్ల చిన్నదైతే కాగితాల కోసం మాటిమాటికి లేచి బీరువా తెరవవలసి వస్తుంది. మెమరీ చాలని కంప్యూటరు కూడా అదేవిధంగా పదేపదే డిస్కును ఆశ్రయించి మందగిస్తుంది. మందగింపునకు కారణం ప్రాసెసరు అయినప్పుడు మాత్రం మెమరీ పెంచినా ప్రయోజనం ఉండదు. కనుక మెమరీ నిజంగా నిండుతున్నదా అని ముందు పరిశీలించాలి.

తప్పులు దిద్దే మెమరీ

మెమరీలోని ఒక్కొక్క బిట్టు అతి సూక్ష్మమైన విద్యుదావేశం. అది కారిపోకుండా సాధారణంగా 64 మిల్లీసెకన్లలో ఒకసారి తిరిగి నింపుతూ ఉండాలి. ఇంత సున్నితమైన ఆవేశం ఒక్కొక్కప్పుడు తారుమారవుతుంది. చిప్పు పైకప్పు పదార్థాల నుండి వెలువడే ఆల్ఫా కణాలు కూడా ఇందుకు కారణం కాగలవని 1978లో ఇంటెల్ శాస్త్రజ్ఞులు మే, వుడ్స్ చూపారు. గూగుల్ సర్వర్లపై 2009లో వెలువడిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్ళలో తప్పులు కనిపించాయి.

బల్ల మీద మారిపోయిన అక్షరమే బీరువాలోకి, అక్కడి నుండి మనం దాచుకొనే నకలులోకి చేరుతుంది. అందుకే సర్వర్లలో ఇ.సి.సి. మెమరీ వాడతారు. ఇందులో 64 బిట్ల సమాచారానికి 8 కాపలా బిట్లు తోడుగా ఉంటాయి. ఒక బిట్టు తప్పితే దిద్దుతాయి. రెండు తప్పితే పసిగట్టి హెచ్చరిస్తాయి. దీనికి మూలమైన పద్ధతిని రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించారు.

ఒక ఉదాహరణ

2009లో వచ్చిన డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్710ను తీసుకొందాము. ఇందులో 18 మెమరీ స్థానాలున్నాయి; ఒక్కొక్క ప్రాసెసరుకు 9. ఆ తొమ్మిదీ 3 చానెళ్ళుగా, చానెలుకు 3 చొప్పున విభజింపబడినవి. రెండవ ప్రాసెసరు లేకపోతే దాని స్థానాలు పనిచేయవు.

దీనికి డీడీఆర్3 మెమరీ కావాలి. డీడీఆర్2, డీడీఆర్4 మాడ్యూళ్ళ గాడి వేరు కనుక అవి ఇమడవు. డీడీఆర్3లోనే రిజిస్టర్డ్, అన్‌బఫర్డ్ అను రెండు రకాలున్నాయి. రెండూ ఒకే గాడిలో ఇముడుతాయి, కాని రెండింటినీ కలిపి వాడరాదు. కొనేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ర్యాంకుల లెక్క కూడా చూడాలి. ఒక చానెలులో 8 ర్యాంకులకు మించరాదు. నాలుగు ర్యాంకుల మాడ్యూళ్ళు మూడు పెడితే 12 అవుతాయి, అది చెల్లదు.

రెండు ప్రాసెసర్లున్న యంత్రానికి 48 గిగాబైట్లు కావాలంటే, 8 గిగాబైట్ల మాడ్యూళ్ళు ఆరింటిని చానెలుకు ఒకటి చొప్పున, తెల్లని మీటలున్న స్థానాలలో అమర్చడం ఉత్తమం. చానెలుకు మూడు చొప్పున నింపితే వేగం 1333 నుండి 800కు తగ్గుతుంది. వేగాలు వేరైన మాడ్యూళ్ళు కలిస్తే అన్నీ నిదానమైన దాని వేగంతోనే నడుస్తాయి.

అమర్చే క్రమం

1. సమాచారానికి నకలు తీసి, అది తెరుచుకొంటున్నదో లేదో చూడండి.
2. యంత్రాన్ని ఆపి, విద్యుత్ తీగలన్నింటినీ తీయండి. సర్వర్లకు తరచుగా రెండు ఉంటాయి.
3. చేతికి భూసంధానపు పట్టీ ధరించండి.
4. గాడి సరిచూసి, రెండు మీటలు బిగుసుకొనే వరకు మాడ్యూలును సమంగా నొక్కండి.
5. గాలిని మళ్ళించే ప్లాస్టిక్ కప్పును మరువక తిరిగి పెట్టండి. అది లేకపోతే మెమరీ వేడెక్కుతుంది.
6. తెరపై మొత్తం మెమరీ సరిగా కనిపించిన తరువాత, ఒక రాత్రంతా మెమరీ పరీక్ష నడపండి.

ఆ తరువాత కూడా సర్వరు లాగును నెలకొకసారి చదవండి. దిద్దిన తప్పులు ఒకే మాడ్యూలులో పదేపదే నమోదవుతుంటే దానిని మార్చివేయాలి. తప్పును దిద్దడం యంత్రం పని. ఆ హెచ్చరికను చదవడం మన పని.