మెర్జ్ కొట్టే ముందు



మర్రిపాడులో ఇంటి దగ్గరుంటూనే తెలుగు అనువాదాల ప్రాజెక్టులో చేరావని మీ నాయన చెప్పాడు. చాలా సంతోషం నాయనా. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిందన్నా, ఈ పని ఇంకా సాగుతోందన్నా, తీరిక వేళల్లో జీతం ఆశించకుండా కూర్చునే వాళ్ల వల్లనే. గిట్‌లో మెర్జ్ చేసేటప్పుడు నువ్వు ఇచ్చే ఒక్క ఆప్షన్‌తో వాళ్లు రాసింది చప్పుడు లేకుండా పోగలదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు నువ్వడిగిన అవర్స్ ఆప్షన్ సంగతి. పెద్ద ఎక్స్‌తో అవర్స్ ఇస్తే, రెండు బ్రాంచీలు ఢీకొన్న చోట మాత్రమే నీది నిలుస్తుంది, మిగతా చోట్ల అవతలి మార్పులన్నీ వస్తాయి. చిన్న ఎస్‌తో అవర్స్ ఇచ్చావా, అవతలి నుంచి ఒక్క అక్షరం రాదు. చరిత్రలో మాత్రం రెండూ కలిసినట్టే నమోదవుతుంది. రేపు అదే బ్రాంచిని మళ్లీ కలపబోతే, అంతా కలిసే ఉందంటుంది గిట్. నా లెక్కన మెర్జ్‌లో ఇంతకంటే ప్రమాదకరమైనది లేదు. రీబేస్‌లోనైతే అవర్స్, దెయిర్స్ అనే పేర్లు తారుమారు: నీ కమిట్లే దెయిర్స్ అవుతాయి.

అనువాదాలుండే పీఓ ఫైళ్లతో ఇంకో చిక్కుంది. ప్రతి వాక్యం పైనా అది సోర్స్‌లో ఎన్నో లైనులో ఉందో కామెంటుగా ఉంటుంది. ప్రోగ్రాములో పైన నాలుగు లైన్లు చేరితే కింది అంకెలన్నీ మారిపోయి, అసలు తగువే లేని చోట కాన్‌ఫ్లిక్టులు పుట్టుకొస్తాయి. విసుగెత్తి దెయిర్స్ అని కొట్టేస్తారు జనం. ఒకే వాక్యాన్ని ఇద్దరు రెండు రకాలుగా తెనిగించిన నిజమైన తగువులు కూడా ఆ ఊపులో కొట్టుకుపోతాయి. అట్లా చేయొద్దు. ముందు రెండు బ్రాంచీల్లోనూ ఎంఎస్‌జీక్యాట్ ప్రోగ్రాముకు నో-లొకేషన్ ఆప్షన్ ఇచ్చి ఆ కామెంట్లు తీసేయించు. తర్వాత గిట్‌లో కాన్‌ఫ్లిక్ట్ స్టైల్‌ను డిఫ్3గా పెట్టుకో. ఇద్దరూ మార్చకముందు అక్కడేముందో కూడా కనబడుతుంది, ఎవరు దేన్ని సరిదిద్దారో తెలుస్తుంది.

ఇక మెర్జ్‌కు స్క్వాష్ ఆప్షన్ ఇస్తే చరిత్ర చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ పదిమంది కమిట్లు నీ ఒక్కడి పేరు మీద ఒక్కటైపోతాయి. పేరు తప్ప ఇంకేమీ దక్కని పనిలో అది అన్యాయం. నీ సొంత చిత్తు బ్రాంచికైతే వాడుకో, పదిమందిదైతే నో-ఎఫ్ఎఫ్ ఇవ్వు. మెయిన్ బ్రాంచిని తాజా చేసుకునేటప్పుడు ఎఫ్ఎఫ్-ఓన్లీ చాలు, దారులు చీలి ఉంటే అదే ఆగిపోతుంది.

మధ్యలో దారి తప్పితే అబార్ట్ ఉంది. అయితే కమిట్ చేయని పని ముందే ఉంటే అది పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు, కనుక కమిట్ చేశాకే మెర్జ్ మొదలుపెట్టు. ఊళ్లో సిగ్నల్ పోయినా తొందరపడకు. తెచ్చుకున్న బ్రాంచీలను కలపడానికి నెట్ అక్కర్లేదు, పుష్‌కే కావాలి. ఆ పుష్‌కు ముందు ఎంఎస్‌జీఎఫ్ఎంటీ ప్రోగ్రామును చెక్ ఆప్షన్‌తో ఒకసారి నడుపు. కాన్‌ఫ్లిక్టు గుర్తు ఒక్కటి మిగిలినా అక్కడే పట్టుకుంటుంది.

మీ పెదనాయన