ఫుట్‌బాల్ మ్యాచ్ కుదర్చడమూ ఉద్యోగమే!

2024 నవంబర్ 18న హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో భారత్, మలేషియా జట్ల మధ్య జరిగిన ఫ్రెండ్లీ మ్యాచ్ 1-1తో ముగిసింది. 19వ నిమిషంలో మలేషియా ఆటగాడు పాలో జోస్వే గోల్ కొట్టాడు. 39వ నిమిషంలో రాహుల్ భేకే లెక్క సరిచేశాడు. టీవీ ముందు కూర్చున్నవాళ్లకు గుర్తుండేది ఇంతవరకే. మరి మలేషియానే ఎందుకు పిలిచారు? ఆ తేదీనే ఎందుకు ఖాయం చేశారు? వాళ్ల వీసాలు, హోటల్, ప్రాక్టీసు మైదానం, భోజనం ఎవరు చూశారు? ఈ పనులు చేసేవాళ్లకు హోదాలున్నాయి, జీతాలున్నాయి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలోని మాధవరం లాంటి ఊళ్లో డిగ్రీ చదువుకుంటున్న విద్యార్థి ఈ కొలువు పేరు కూడా విని ఉండకపోవచ్చు. దీనికి గోల్ కొట్టడం రానక్కర్లేదు. లెక్కాపత్రం, మాట నేర్పు, టైము పాటించడం వస్తే చాలు.

పెద్ద దేశం, చిన్న జట్టు

జనాభాలో మనది పెద్ద దేశం. ఫుట్‌బాల్‌లో మాత్రం ర్యాంకు వందకు అటుపక్కే కనిపిస్తుంటుంది. 2024లో మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఇలాంటి జట్టుకు సొంతగడ్డపై ఫ్రెండ్లీ ఆడటం అవసరం. కొత్త కుర్రాళ్లను పరీక్షించుకోవచ్చు, ముందున్న టోర్నీకి సిద్ధం కావచ్చు.

షిల్లాంగ్‌లో జరిగింది చూడండి. 2025 మార్చి 25న బంగ్లాదేశ్‌తో ఆసియా కప్ అర్హత మ్యాచ్ ఉంది. దానికి ఆరు రోజుల ముందు అదే మైదానంలో మాల్దీవులతో ఫ్రెండ్లీ పెట్టారు. భారత్ 3-0తో గెలిచింది. అసలు మ్యాచ్ 0-0తో డ్రా అయింది. ఫలితం సంగతి అలా ఉంచితే, అసలు పరీక్షకు ముందు అదే మైదానంలో ఓ మ్యాచ్ ఆడి చూసుకునే వీలు దొరికింది. మ్యాచ్ కుదిర్చేవాడి పనితనం అక్కడ తెలుస్తుంది.

తేదీ తప్పితే విలువ సగం

క్లబ్బులు తమ ఆటగాళ్లను జాతీయ జట్టుకు తప్పనిసరిగా పంపాల్సిన రోజులను ఫిఫా ముందే ప్రకటిస్తుంది. వీటినే ఫిఫా విండో అంటారు. మామూలుగా సోమవారం మొదలై మరుసటి వారం మంగళవారంతో ముగుస్తుంది. ఆ తొమ్మిది రోజుల్లో జట్టు రెండు మ్యాచ్‌లు ఆడవచ్చు. 2026 నుంచి సెప్టెంబర్, అక్టోబర్ విండోలను కలిపి నాలుగు మ్యాచ్‌లకు వీలుండేలా ఒకే పెద్ద విండో చేశారు. పత్తి ఎంత తెల్లగా ఉన్నా ఏ రోజు యార్డుకు తెచ్చామన్న దాన్ని బట్టే ధర పలుకుతుందని ఆదోని రైతుకు తెలుసు. ఫ్రెండ్లీకి విండో కూడా అంతే.

ర్యాంకింగ్ లెక్కలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2018 నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో విండో లోపలి ఫ్రెండ్లీకి 10, బయటి ఫ్రెండ్లీకి 5, ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌కు 25 చొప్పున విలువ ఇచ్చారు. వచ్చిన ఫలితంలోంచి, రెండు జట్ల పాయింట్ల తేడాను బట్టి రావాల్సిన ఫలితాన్ని తీసేసి, మిగిలినదాన్ని ఈ విలువతో హెచ్చిస్తారు. మన జట్టుకు ప్రత్యర్థి కంటే 200 పాయింట్లు ఎక్కువున్నాయనుకుందాం. రావాల్సిన ఫలితం 0.68 అవుతుంది. విండోలో గెలిస్తే దాదాపు 3.2 పాయింట్లు వస్తాయి. డ్రా చేసుకుంటే 1.8 పోతాయి. ఓడితే 6.8 పోతాయి. బలహీన జట్టును పిలిస్తే లాభమేనని తేలిగ్గా అనుకోవడానికి లేదన్నమాట. 2024 సెప్టెంబర్ 3న గచ్చిబౌలిలోనే ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో మన కంటే కింది ర్యాంకులో ఉన్న మారిషస్‌తో భారత్ 0-0 డ్రా చేసుకుంది. సెప్టెంబర్ 9న పై ర్యాంకులో ఉన్న సిరియా చేతిలో 0-3తో ఓడింది. ప్రత్యర్థిని ఎంచుకునేటప్పుడు ఈ లెక్కలన్నీ వేసి కోచ్ ముందు పెట్టే కుర్రాడికి గణితం, స్టాటిస్టిక్స్ డిగ్రీ బాగా పనికొస్తుంది.

ఒప్పంద పత్రంలో ఏముంటుంది?

పేరు ఫ్రెండ్లీయే అయినా వ్యవహారమంతా కాగితం మీదే నడుస్తుంది. రెండు దేశాల సమాఖ్యలు నేరుగా మాట్లాడుకుంటాయి. లేదంటే ఫిఫా లైసెన్సు ఉన్న మ్యాచ్ ఏజెంటు మధ్యవర్తిగా ఉంటాడు. ఎంతమంది వస్తారు, విమాన ఖర్చు ఎవరిది, ఎన్ని గదులు కావాలి, టీవీ హక్కులు ఎవరివి, మ్యాచ్ రద్దయితే నష్టం ఎవరు భరించాలి వంటివన్నీ అందులో రాసుకోవాలి. పేరున్న జట్లు రావడానికి భారీ ఫీజు అడుగుతాయి. చిన్న జట్లలో చాలావాటికి ప్రయాణం, బస చూసుకుంటే సరిపోతుంది.

వాణిజ్యశాస్త్రం చదివినవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. విదేశీ క్రీడా సంఘానికి చెల్లించే సొమ్ముపై మన ఆదాయపు పన్ను చట్టం ప్రకారం 20 శాతం టీడీఎస్ కోయాల్సి ఉంటుంది. సర్‌ఛార్జి, సెస్సు దానికి అదనం. ఒప్పందంలో ఈ సంగతి రాసుకోకపోతే ఆ భారం ఎవరిదన్న దగ్గర పేచీ మొదలవుతుంది. మంచి అకౌంటెంటు ఈ రంగంలోనూ బంగారమే.

మ్యాచ్ ముందురోజు సమన్వయ సమావేశంలో గోల్‌కీపర్ల జెర్సీతో సహా రెండు జట్ల రంగులు ఖాయం చేస్తారు. జట్ల బస్సులు హోటల్ నుంచి ఎప్పుడు కదలాలి, ఆటగాళ్ల జాబితా ఎప్పుడు ఇవ్వాలి, వార్మప్ ఎప్పుడు ఆపాలి, జాతీయ గీతాలు ఎప్పుడు మోగాలి అన్నది నిమిషాలతో సహా కౌంట్‌డౌన్ షీటులో ఉంటుంది. దాన్ని నడిపించేది వెన్యూ మేనేజరు. విదేశీ జట్టు దిగిన క్షణం నుంచి విమానం ఎక్కేదాకా వెంట ఉండేది టీమ్ లైజన్ ఆఫీసరు.

కుర్చీలు నింపడమూ ఒక విద్యే

2018 జూన్ 1న ముంబైలో చైనీస్ తైపీపై భారత్ 5-0తో గెలిచినప్పుడు స్టేడియంలో ఉన్నది 2,569 మంది. కెప్టెన్ సునీల్ ఛెత్రీ మర్నాడు వీడియోలో, తిట్టడానికైనా సరే మైదానానికి రండని అభిమానులను వేడుకున్నాడు. జూన్ 4న కెన్యాతో మ్యాచ్‌కు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఆ పని కెప్టెన్ చేయాల్సి వచ్చిందంటే మార్కెటింగ్ మనుషులకు ఎంత చోటుందో ఊహించుకోండి.

హైదరాబాద్‌కు వచ్చిన జట్లలో ఒక విశేషం ఉంది. మలేషియా, మారిషస్ రెండింటిలోనూ తరతరాలుగా తెలుగువాళ్లున్నారు. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లో, మూడోవి 1990లో మారిషస్‌లో జరిగాయి. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు కూడా ఉంది. ఇలాంటి బంధం తెలిసినవాడు అక్కడి తెలుగు సంఘాలతో మాట్లాడతాడు, స్పాన్సరును వెతుకుతాడు, మ్యాచ్‌కు ఒక కథ అల్లుతాడు. తెలుగు సాహిత్యమో చరిత్రో చదివిన విద్యార్థికి ఇందులో ఏం పని అంటే, ఇదే పని.

ఎవరు తీసుకుంటారు, ఏం చదవాలి?

ఢిల్లీలోని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, రాష్ట్ర సంఘాలు, ఇండియన్ సూపర్ లీగ్ వంటి లీగుల క్లబ్బులు, ఈవెంట్ కంపెనీలు, ప్రసార సంస్థలు, రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థలు ఈ రంగంలో పని ఇస్తాయి. చాలా ఉద్యోగాలు కాంట్రాక్టు మీదే ఉంటాయి.

ఇంటర్ తర్వాత ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు. ఆపైన పుణెలోని సింబయాసిస్ స్పోర్ట్స్ సైన్సెస్ స్కూల్, ఐఐఎం రోహ్‌తక్, కోల్‌కతాలోని ఐఐఎస్‌డబ్ల్యూబీఎం వంటి చోట్ల స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సులున్నాయి. ఫీజులు, ప్రవేశ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆయా సంస్థలనే నేరుగా అడగండి. వ్యాయామ విద్య వైపు వెళ్లాలనుకుంటే ఏపీ పీఈసెట్ ఉంది. విదేశాల్లో పేరున్నది ఫిఫా మాస్టర్. 2000లో మొదలైన ఈ కోర్సును ఇంగ్లండ్, ఇటలీ, స్విట్జర్లాండ్‌లలోని మూడు విశ్వవిద్యాలయాల్లో చదవాలి. ఖర్చు ఎక్కువ, పోటీ ఇంకా ఎక్కువ. కొన్నేళ్ల అనుభవం వచ్చాక ప్రయత్నించాల్సిన కోర్సది.

ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా ఈమెయిలు రాయడం, ఎక్సెల్‌లో బడ్జెటు వేయడం, ఒప్పందంలో చిన్న అక్షరాలను కూడా వదలకుండా చదవడం ఇప్పటినుంచే నేర్చుకోండి. ఫ్రెంచ్ వస్తే ఆఫ్రికా, మారిషస్ జట్లతో వ్యవహరించడం సులువవుతుంది.

ఊరి నుంచే మొదలు

సర్టిఫికెట్ కంటే ముందు అడిగేది అనుభవమే. దానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో నాలుగు కాలేజీ జట్లతో రెండు రోజుల టోర్నీ నడపండి. క్రికెట్, కబడ్డీ అయినా సరే. హెడ్మాస్టరు దగ్గర మైదానానికి అనుమతి, పోలీసు స్టేషన్‌కు సమాచారం, ప్రథమ చికిత్స, తాగునీరు, అంపైర్ల భత్యం, గొడవైతే తీర్చే కమిటీ వీటన్నిటికీ కాగితం ఉండాలి. ముగిశాక జమాఖర్చులు, ఫొటోలు, ఏం తప్పింది, ఏం కుదిరింది అంటూ రెండు పేజీల నివేదిక తయారుచేయండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కంటే దాని గురించే ఎక్కువ అడుగుతారు.

తర్వాతి మెట్టు అనంతపురం. అక్కడి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ క్రీడా గ్రామంలో ఏళ్లుగా ఫుట్‌బాల్ శిక్షణ నడుస్తోంది, స్పెయిన్ లా లిగాతో కలిసి పనిచేసిన అనుభవమూ ఉంది. 2024 సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరుగుతున్న రోజుల్లోనే అనంతపురం దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లకు వేదికైంది. పెద్ద పోటీ ఎక్కడ జరిగినా నిర్వాహకులకు వలంటీర్లు కావాలి. ప్రకటన వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి. రిఫరీ పరీక్ష రాయడం, కోచింగ్‌లో డి లైసెన్సు తీసుకోవడం కూడా ఆటలోపలి మనుషులతో పరిచయం పెంచే దారులే.

ఆశతో పాటు లెక్క కూడా

ఏడాదికి సొంతగడ్డపై జరిగే ఫ్రెండ్లీలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటినే నమ్ముకుంటే కడుపు నిండదు. అందుకే లీగులు, స్కూలు టోర్నీలు, మారథాన్లు, కార్పొరేట్ పోటీలు కలిపి చూసుకోవాలి. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. ఉద్యోగం ఇప్పిస్తామని, విదేశీ క్లబ్బుకు పంపుతామని ముందే డబ్బు అడిగేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. లైసెన్సు ఉందంటే ఫిఫా జాబితాలో పేరుందో లేదో చూడండి.

బీకాం, బీఎస్సీ, బీఏ ఏది చదువుతున్నా దాన్ని వదిలిపెట్టకుండా ఈ దారిలో నడవొచ్చు. క్రీడల్లో కుదరకపోయినా ఈవెంట్లు, పర్యాటకం, హోటల్ రంగాల్లో ఈ అనుభవానికి గిరాకీ ఉంటుంది. ఈ సెలవుల్లో ఒక టోర్నీ, రెండు పేజీల నివేదిక, ఫిఫా అంతర్జాతీయ మ్యాచ్ నియమావళిని ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా చదవడం. మొదటి ఏడాదికి ఈ మూడూ పూర్తిచేస్తే దరఖాస్తులో రాసుకోవడానికి మీకంటూ ఏదో ఒకటి ఉంటుంది.