మట్టికుండలో దాచిన క్రయపత్రము

(దేవుని ఏర్పాటును, ఆయన వాగ్దానముల స్థిరత్వమును గూర్చిన బైబిలు పాఠము)

చదువవలసిన భాగములు: యిర్మీయా 32:1–27, ద్వితీయోపదేశకాండము 7:6–9, రోమా 11:1–29.



పొలము కొనుట మనలో అనేకులకు తెలిసిన పనియే. మొదట గట్లు చూతుము. నీటి వసతి విచారింతుము. హద్దులలో తగవు ఏమైన కలదేమోయని ఊరి పెద్దలను అడుగుదుము. అటుపిమ్మట దస్తావేజు వ్రాయించి, సాక్షులచేత సంతకములు పెట్టించి, రూకలు చెల్లింతుము. అయితే శత్రువుల చేతిలో నున్న పొలమును, తాను అడుగుపెట్టుటకైనను వీలులేని పొలమును, వెల యిచ్చి కొనువాడు ఎవడైన ఉండునా? అట్టివానిని చూచి ఊరంతయు నవ్వును. యిర్మీయా ప్రవక్త అట్టి పొలమునే కొనెను.

1. వెండి తూచిన దినము

అది సిద్కియా రాజు ఏలుబడిలో పదియవ సంవత్సరము, అనగా క్రీ. పూ. 587 ప్రాంతము. బబులోను రాజు సైన్యము యెరూషలేమును చుట్టుకొని యుండెను. పట్టణములో కరవు, తెగులు. పట్టణము కల్దీయుల చేతికి చిక్కునని దేవుని మాట ఉన్నదున్నట్టు చెప్పినందుకు యిర్మీయా రాజు నగరులోని చెరసాల ప్రాకారములో బంధింపబడి యుండెను. అట్టి సమయమున పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలమును విడిపించు హక్కు నీదే గనుక కొనుక్కొమ్మని అడిగెను.

అనాతోతు యిర్మీయా స్వగ్రామము. అయినను ఆ ఊరివారే పూర్వము ఆయన ప్రాణము తీయజూచిరని 11వ అధ్యాయములో చదువుచున్నాము. చంపజూచిన ఊరు, శత్రువులు ఆక్రమించిన నేల, చెరలోనున్న కొనుగోలుదారుడు! అయినను ఇది దేవుని ఆజ్ఞయని యెరిగి, ఆయన 17 తులముల వెండి తూచి యిచ్చెను. పత్రము వ్రాసి, ముద్రవేసి, సాక్షులను పిలిపించెను. ముద్రవేసిన పత్రమును, విప్పియున్న పత్రమును రెంటిని బారూకు చేతికిచ్చి, అవి బహు దినములు నిలుచునట్లు మట్టికుండలో దాచుమని చెప్పెను.

ఇంతచేసిన తరువాత యిర్మీయా ప్రార్థించెను. ఆ ప్రార్థనలో ఆయన తన కలవరమును దాచలేదు. పట్టణము పడిపోవుచుండగా పొలము కొనుమని నీవేల చెప్పితివని దేవునినే అడిగెను. విశ్వాసి యనగా సందేహము ఎరుగనివాడు కాడు. మొదట విధేయుడై, సందేహమును మనుష్యులయొద్ద గాక దేవునియొద్దనే ఉంచువాడు. ఆ దేశములో మరల ఇండ్లును పొలములును ద్రాక్షతోటలును కొనబడునన్నదే దేవుని వాగ్దానము.

2. దేవుడు ఎందుకు ఏర్పరచుకొనెను?

పడిపోవుచున్న ప్రజలను దేవుడు ఇంకను ఎందుకు విడువలేదు? వారు యోగ్యులని కాదు. ద్వితీయోపదేశకాండము 7వ అధ్యాయమందు మోషే ఈ సంగతి తేటగా చెప్పెను. ఇశ్రాయేలీయులు విస్తారజనమైనందున ఏర్పరచబడలేదు. వారు జనములన్నిటిలో కొద్దివారు. దేవుడు ప్రేమించెను గనుకను, పితరులతో ప్రమాణము చేసెను గనుకను వారిని విడిపించెను. కారణము వారిలో లేదు, ఆయనలోనే కలదు. మనలో లేనిదానినిబట్టి వచ్చిన ప్రేమ మనలో లేనిదానినిబట్టి పోవునా?

అయినను ఏర్పాటు శిక్షనుండి తప్పించు చీటీ కాదు. మిమ్మును ఎరిగియున్నాను గనుకనే మీ దోషములకు మిమ్మును శిక్షింతునని ఆమోసు ద్వారా దేవుడు పలికెను (3:2). ఏర్పాటు ఇతరులను మూసివేయు తలుపు కూడ కాదు. అబ్రాహామును పిలిచిన నాడే, అతని మూలముగా భూమిమీది వంశములన్నియు ఆశీర్వదింపబడునని చెప్పబడెను. కాలువకు నీరు విడుచుట కాలువ కొరకే కాదు, దాని దిగువనున్న చేలన్నిటికొరకు.

3. ముద్రవేసిన పత్రము, విప్పియున్న పత్రము

మన సంఘములలో కొందరు, ముఖ్యముగా రోగులును వృద్ధులును, కన్నీటితో ఒక ప్రశ్న అడుగుదురు: “దేవుడు కొందరిని ఏర్పరచుకొనెనని చదువుచున్నాము. వారిలో నేను ఉన్నానో లేనో నాకెట్లు తెలియును?” ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. రాత్రులు నిద్రపట్టనీయని ప్రశ్న.

ఆ కుండలోని రెండు పత్రములను పోలికగా తీసికొందము. ఒకటి ముద్రవేయబడినది; దానిని ఎవరును తెరచి మార్చలేరు. మరియొకటి విప్పియున్నది, ఎవరైనను చదువవచ్చును. రెండును ఒకే క్రయమును గూర్చినవి. అట్లే దేవుని ఏర్పాటు ముద్రవేసిన పత్రము, రహస్యములు యెహోవావని మోషే చెప్పెను గదా (ద్వితీ. 29:29). సువార్త విప్పియున్న పత్రము. తనయొద్దకు వచ్చువానిని త్రోసివేయనని ప్రభువు చెప్పినది అందులోనిదే (యోహాను 6:37). ముద్ర విప్పి నీ పేరు వెదకుమని దేవుడు నీతో చెప్పలేదు. విప్పియున్నదానిని చదివి రమ్మని చెప్పెను. నీవు క్రీస్తునొద్దకు వచ్చినయెడల, ముద్రవేసిన పత్రములో వేరొక మాట ఉండదు. రెంటిని వ్రాయించినవాడు ఒక్కడే.

4. వాగ్దానము ఎట్లు నెరవేరెను?

యెరూషలేము పడిపోయెను. దేవాలయము కాలిపోయెను. ప్రజలు చెరపట్టబడిరి. యిర్మీయాను కూడ తన ప్రజలు ఐగుప్తునకు తీసికొనిపోయిరి. ఆయన ఆ పొలమును ఒక్క ఏరువాకకైనను దున్నినట్లు గ్రంథమందు వ్రాయబడలేదు.

అయితే క్రీ. పూ. 538లో పారసీక రాజైన కోరెషు, యూదులు తమ దేశమునకు తిరిగి పోవచ్చునని ఆజ్ఞ యిచ్చెను. తిరిగి వచ్చినవారి లెక్క ఎజ్రా గ్రంథము 2వ అధ్యాయములో కలదు. మనము సాధారణముగా ఆ పేర్ల పట్టికను దాటి పోవుదుము. ఈసారి 23వ వచనమునొద్ద ఆగుడి. అనాతోతువారు 128 మంది! ప్రవక్తపై కుట్రచేసినవారికి తీర్పు తప్పలేదు. అయినను ఆ ఊరి నేలను గూర్చిన దేవుని మాట తప్పిపోలేదు. కొనినవాడు పోయెను, మాట యిచ్చినవాడు ఉండెను.

మన తెలుగు సంఘ చరిత్రలోను ఇట్టి సాక్ష్యము కలదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొరగారును, వారి భార్యయును, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండయెక్కి ప్రార్థించిరి. ఫలము లేదని ఆ మిషను పనిని మూసివేయుదమా యని ఆలోచన జరిగిన కాలమది. 24 ఏండ్ల తరువాత, గొప్ప కరవు వెంబడి, 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అనేకులు లోకము ఎన్నిక చేయనివారే. ఐదుగురు కొండమీద మోకరించిననాడు ఈ కోత ఎవరికిని కనబడలేదు.

5. గర్వపడకుము, నిరాశపడకుము

రోమా 11వ అధ్యాయములో పౌలు ఒలీవ చెట్టు పోలిక చెప్పెను. అన్యజనులమైన మనము అంటుకట్టబడిన అడవి కొమ్మలము. మనము వేరును మోయుటలేదు. వేరే మనలను మోయుచున్నది. కాబట్టి యూదులను గాని, సువార్త నెరుగని పొరుగువారిని గాని, చిన్నచూపు చూచుటకు మనకు అధికారము లేదు. దేవుడు తన పిలుపు విషయములో పశ్చాత్తాపపడడని పౌలు ఇశ్రాయేలును గూర్చియే వ్రాసెను. ఆయన వారికిచ్చిన మాట తప్పువాడైతే, మనకిచ్చిన మాటకు పూచీ ఏది?

పంట పోయిన సంవత్సరమున ఇంటిల్లిపాది అర్ధాకలితో నున్నను, రైతు విత్తనపు గింజలను ముట్టడు. అవి వచ్చు వానకొరకు దాచినవి. నీ కుమారుడు త్రోవ తప్పెనా? చిరకాలముగా చేయుచున్న ప్రార్థనకు జవాబు రాలేదా? దేవుని మాటను విత్తనమువలె దాచుకొనుము. నేడు నీచేత కాగల విధేయతను నేడే చేయుము. ఫలము నీ కన్నులు చూచినను, నీ మనుమలు చూచినను, ఆయన మాట నిలుచును.

కూటములలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. యిర్మీయా పొలము కొనిన తరువాత ప్రార్థించుటనుండి మనము నేర్చుకొనునదేమి?

2. ఏర్పరచబడితిమను మాట మనలో గర్వము పుట్టించుచున్నదా, సేవ పుట్టించుచున్నదా?

3. మన సంఘములో ఆశ వదలుకొన్న కార్యమేది? దానికొరకు ఈ మాసము ఏమి చేయుదము?

ప్రార్థన: నమ్మదగిన తండ్రీ, మా యోగ్యతనుబట్టి కాక నీ ప్రేమనుబట్టి మమ్మును పిలిచితివి. కనబడని కోతకొరకు కనిపెట్టు ఓర్పును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.