పాత బోర్డుకి కొత్త ప్రాసెసర్: సంక్రాంతి సెలవుల్లో నేర్చుకున్న పాఠం

ఈ సంచికకి కవిత ఇస్తానని క్లబ్బు వాళ్ళకి మాటిచ్చాను. కవిత కుదర్లేదు. దాని బదులు మొన్న సెలవుల్లో నేను చేసిన ఒక నిర్వాకం, దాన్ని సరిదిద్దుకోవడానికి పట్టిన రెండు రోజుల సంగతి రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్ళల్లో పదేళ్ళు దాటిన డెస్క్‌టాప్ ఒకటి ఇంకా నడుస్తూనే ఉంటుంది. "ప్రాసెసర్ మార్చేస్తే పోలా" అనే ఆలోచన మీకూ వచ్చి ఉంటే ఇది చదివాక స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

మా నాన్నకి తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేస్తారు. పుష్యమాసంలో పెళ్ళిళ్ళు ఉండవు గానీ, మాఘమాసం పెళ్ళిళ్ళ శుభలేఖలు పుష్యంలోనే తయారవ్వాలి. అంటే సంక్రాంతికి నాకు సెలవులు, ఆయనకి సీజను.

ఆయన కంప్యూటర్ 2012లో కొన్నది. హెచ్61 చిప్‌సెట్ బోర్డు, ఐ3-2100 ప్రాసెసర్, విండోస్ 7. కోరల్‌డ్రాలో పెద్ద ఫ్లెక్సీ ఎక్స్‌పోర్ట్ కొడితే ప్రాసెసర్ వాడకం 100 శాతం దగ్గర నిలబడిపోయేది. ఆయన ఈలోపు టీ తాగి వచ్చేవారు. అందుకని నేను ఊరికి బయల్దేరే ముందు సికింద్రాబాద్ సీటీసీలో వాడిన ఐ5-3470 ఒకటి కొన్నాను, ట్యూషన్లు చెప్పిన డబ్బులతో. నాన్నకి చెప్పలేదు. ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆశ్చర్యపోయారు కూడా, కాకపోతే నేననుకున్నట్టు కాదు.

సాకెట్ కుదిరితే సరిపోదు

ముందు కాస్త థియరీ. ఐ3-2100 ఇంటెల్ రెండో తరం ప్రాసెసర్. 2011లో వచ్చింది, 32 నానోమీటర్ల తయారీ, పేరు శాండీ బ్రిడ్జ్. ఐ5-3470 మూడో తరం. 2012లో వచ్చింది, 22 నానోమీటర్లు, పేరు ఐవీ బ్రిడ్జ్. రెండింటికీ సాకెట్ ఒక్కటే, ఎల్‌జీఏ 1155. మొదటిదాంట్లో 2 కోర్లు, రెండోదాంట్లో 4. మొదటిది 65 వాట్లు, రెండోది 77 వాట్లు. సాకెట్ ఒకటే కాబట్టి పెట్టేస్తే నడుస్తుందని నేను తేల్చేశాను.

పేర్లు చూసి కూడా మోసపోకండి. దీని ముందు తరం సాకెట్ 1156, తర్వాతి తరానిది 1150. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కూలర్ బిగించే రంధ్రాల దూరం కూడా ఒకటే. ప్రాసెసర్లు మాత్రం ఒకదాని సాకెట్లో ఇంకొకటి కూర్చోవు. ఐ5 అన్నారు కదా అని నాలుగో తరం ఐ5 కొంటే హెచ్61లో పనికిరాదు.

మొదటి తప్పు

భోగికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం నాన్న భోజనానికి వెళ్ళగానే క్యాబినెట్ తెరిచాను. పాతది తీశాను, కొత్తది పెట్టాను, పేస్టు రాశాను, స్విచ్చి వేశాను. ఫ్యాను నాలుగైదు సెకన్లు తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది. తెర మీద ఏమీ లేదు.

కంగారులో పిన్నులు వంగాయేమో అనుకున్నాను. ఈ రకం సాకెట్లలో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డుకే ఉంటాయి. వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. చూద్దామని బోర్డు మొత్తం బయటికి లాగాను. ఫోను టార్చి ఏటవాలుగా వేసి అన్ని వైపుల నుంచీ చూశాను. వరసలన్నీ తిన్నగా ఉన్నాయి. సరే, పాత ప్రాసెసరే పెట్టి ఉన్నచోటికి వెళ్ళిపోదామనుకున్నాను. పెట్టాను. స్విచ్చి వేశాను. ఈసారి ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది. తెర మాత్రం నల్లగానే ఉంది.

అప్పుడొచ్చారు నాన్న. వెనకాలే ఒక పెళ్ళికూతురి తండ్రి, ప్రూఫ్ చూసుకోవడానికి. విప్పి పెట్టిన క్యాబినెట్ చూసి నాన్న ఒక్కటే అడిగారు: "ఫైళ్ళు ఉన్నాయా, పోయాయా?" హార్డ్ డిస్కుకి ఏమీ కాలేదని చెప్పాను. "అయితే అది తీసివ్వు" అన్నారు. డిస్కు రుమాల్లో చుట్టుకుని పక్క వీధిలో ఇంకో డీటీపీ ఆయన దగ్గరికి వెళ్ళి ప్రూఫ్ తీయించుకొచ్చారు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇద్దరిదీ పోటీ. తిరిగొచ్చాక కూడా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టుంటే బాగుండేది.

లక్షణం మారితే కారణమూ మారినట్టే

రాత్రి కూర్చుని, అప్పటిదాకా గమనించాల్సింది గమనించాను. మొదట ఫ్యాను ఆగి, తిరిగి, ఆగింది. తర్వాత ఆగకుండా తిరిగింది. రెండు వేర్వేరు లక్షణాలు. నేను మాత్రం "డిస్‌ప్లే రావట్లేదు" అని రెండింటినీ ఒకే గాటన కట్టేశాను. మొదటి సమస్య ఇంకా తేలకముందే రెండోది నేనే తెచ్చిపెట్టుకున్నాను.

నాన్న అప్పుడు అన్నారు: "నేను ప్రూఫ్ దిద్దేటప్పుడు చూడలేదా? ఒక తప్పు దిద్దుతా, ప్రింటు తీస్తా, చూస్తా. నాలుగూ ఒకేసారి కదిపితే ఏది దేన్ని చెడగొట్టిందో తెలీదు."

మర్నాడు పొద్దున్నే ఎలక్ట్రానిక్స్ కొట్లో చిన్న బజర్ స్పీకర్ కొన్నాను. బోర్డు మీద దానికి నాలుగు పిన్నుల చోటు ఉంటుంది. పరీక్ష ఇలా చేయాలి. ర్యామ్ మొత్తం తీసేసి బోర్డు, ప్రాసెసర్, కూలర్, పవర్ సప్లై మాత్రమే ఉంచి స్విచ్చి వేయాలి. ప్రాసెసర్ బతికి ఉండి, బయోస్ నడుస్తూ ఉంటే, "ర్యామ్ లేదు" అని బీప్ కొడుతుంది. బీప్ రాకపోతే సమస్య ర్యామ్ దాకా కూడా రాలేదన్నమాట, ఇంకా ముందే ఉంది.

బీప్ రాలేదు. అయితే ప్రాసెసర్‌కి కరెంటు అందుతోందా? అక్కడ దొరికింది దొంగ. బోర్డుకి రెండు పవర్ కనెక్టర్లు ఉంటాయి. పెద్దది 24 పిన్నులది, ప్రాసెసర్ పక్కన చిన్నది 4 పిన్నులది. బోర్డు బయటికి తీసి మళ్ళీ బిగించేటప్పుడు చిన్నది పెట్టడం మర్చిపోయాను. ఫ్యానుకి కరెంటు పెద్ద కనెక్టర్ నుంచి వస్తుంది కాబట్టి అది తిరుగుతుంది. ప్రాసెసర్‌కి మాత్రం ఆ చిన్న కనెక్టరే ఆధారం. ఫ్యాను తిరిగినంత మాత్రాన బోర్డు పనిచేస్తున్నట్టు కాదు.

అది పెట్టగానే బీప్ వినపడింది. ర్యామ్ పెట్టగానే తెర వెలిగింది. పాత ప్రాసెసర్‌తో కంప్యూటర్ ఎప్పటిలా లేచి కూర్చుంది. నాన్న ఆ రోజు పనులన్నీ దాని మీదే పూర్తిచేశారు. నేను దాన్ని ముట్టుకోలేదు.

వాచ్‌మన్ దగ్గర పాత లిస్టు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఐ5 ఎందుకు లేవలేదు?

మన హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్‌ని తలుచుకోండి. ఆయన దగ్గర పోయినేడాది లిస్టే ఉంది. కొత్తగా చేరిన కుర్రాడు అసలైన విద్యార్థే, గది కూడా ఉంది, అయినా లిస్టులో పేరు లేదు కాబట్టి గేటు దాటనివ్వడు. బయోస్ పని కూడా అలాంటిదే. స్విచ్చి వేయగానే ప్రాసెసర్‌ని గుర్తుపట్టి, దానికి తగిన మైక్రోకోడ్ ఎక్కించి, వోల్టేజి, మెమరీ లెక్కలు సరిచూసి ముందుకు నడిపించాలి. ఐవీ బ్రిడ్జ్ రాకముందే తయారైన బయోస్‌కి ఆ ప్రాసెసర్ ఎవరో తెలీదు. కాసేపు ప్రయత్నించి, కుదరక మళ్ళీ మొదటికొస్తుంది. ఫ్యాను ఆగి ఆగి తిరిగింది అందుకే.

ఇది ముందే తెలుసుకునే దారి ఉంది. బోర్డు మోడల్ పేరు, రివిజన్ నంబరు బోర్డు మీదే అచ్చేసి ఉంటాయి. తయారీదారు వెబ్‌సైట్లో ఆ మోడల్ తెరిస్తే ఏ ప్రాసెసర్లు పనిచేస్తాయో, ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తాయో పట్టిక ఉంటుంది. మా బోర్డులో ఉన్న వెర్షన్ తెలుసుకోవడానికి విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి చూశాను. పట్టికలో ఐ5-3470 ఉంది. మా బయోస్ మాత్రం దానికి కావాల్సిన వెర్షన్ కంటే పాతది.

ఇక్కడొక మెలిక గుర్తుంచుకోండి. మా బోర్డు లాంటివాటిలో బయోస్ మార్చాలంటే ముందు కంప్యూటర్ లేవాలి. లేవాలంటే బయోస్ గుర్తుపట్టే పాత ప్రాసెసర్ ఉండాలి. కొత్తది రాగానే పాతది అమ్మేసినవాళ్ళు ఇక్కడే ఇరుక్కుపోతారు.

బయోస్ ఎక్కించడం

నాన్న రెండు షరతులు పెట్టారు. ఒకటి, రాత్రి షట్టర్ వేశాకే. రెండు, "మార్చే ముందు ఇప్పుడు ఎలా ఉందో రాసిపెట్టుకో." బయోస్‌లో ప్రతి పేజీనీ ఫోనుతో ఫొటో తీశాను.

ఫైలు అచ్చంగా మా మోడల్‌కీ, మా రివిజన్‌కీ చెందినదేనని రెండుసార్లు చూశాను. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి అందులో వేశాను. కొన్ని బోర్డులకి నేరుగా ఆఖరి వెర్షన్ పనికిరాదు, మధ్యలో ఇంకో వెర్షన్ ఎక్కించి వెళ్ళాలి. డౌన్‌లోడ్ పేజీలో ఆ సూచనలు ఉంటాయి, చదవండి. షాపు యూపీఎస్ బ్యాటరీ మీద నాకు నమ్మకం లేదు. అందుకే క్యాబినెట్ ఇంటికి మోసుకెళ్ళి ఇన్వర్టర్ లైనుకి పెట్టాను. బయోస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు మళ్ళీ లేవకపోవచ్చు. విండోస్‌లోంచి కాకుండా బయోస్‌లోనే ఉన్న టూల్‌తో చేశాను. ఆ కొద్ది నిమిషాలూ ఎవరూ మాట్లాడలేదు. అమ్మ కూడా మిక్సీ వేయలేదు.

ముందు పాత ప్రాసెసర్‌తోనే లేపి కొత్త వెర్షన్ నంబరు చూసుకున్నాను. తర్వాత ఆపి, ప్లగ్గు తీసి, ఐ5 పెట్టి, సీమాస్ క్లియర్ చేసి స్విచ్చి వేశాను. ఒకసారి తనంతట తనే ఆగి మళ్ళీ లేచింది, గుండె జారింది. తర్వాత తెర మీద ప్రాసెసర్ పేరు కనిపించింది.

కానీ విండోస్ మొదలవగానే నీలం తెర! సీమాస్ క్లియర్ చేసినప్పుడు సాటా మోడ్ డిఫాల్ట్‌కి మారిపోయింది. విండోస్ ఏ మోడ్‌లో ఎక్కించామో అదే ఉండాలి. ఫొటో చూసి మోడ్ వెనక్కి మార్చాను, విండోస్ తెరుచుకుంది. నాన్న షరతు లేకపోతే ఆ రాత్రి విండోస్ మళ్ళీ ఎక్కించే పనిలో పడేవాణ్ణి.

చివరి చిక్కు వేడి. ఎక్స్‌పోర్ట్ కొడితే ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటుతోంది. తప్పు ప్రాసెసర్‌ది కాదు. కూలర్‌కున్న నాలుగు పుష్ పిన్నుల్లో ఒకటి పూర్తిగా దిగలేదు. ఎదురెదురు మూలలు జంటగా నొక్కాలి, నాలుగూ దిగాయో లేదో బోర్డు వెనక నుంచి చూడాలి. కూలర్ ఒకసారి కదిలితే పాత పేస్టు తుడిచేసి కొత్తగా రాయాలి. బఠాణీ గింజ కంటే చిన్న చుక్క చాలు. అది సరిచేశాక 70 లోపే ఉంది.

లెక్క చూసుకుంటే

లాభం ఎంత? ఫ్లెక్సీ ఎక్స్‌పోర్ట్ సమయం ఇంచుమించు మూడో వంతు తగ్గింది. కోర్లు రెట్టింపయ్యాయి కదా అని సమయం సగమైపోదు, పనిలో కొంత భాగం ఒకే కోరు మీద నడుస్తుంది. ఫైలు తెరవడం, విండోస్ లేవడం ఏమీ మారలేదు. అవి హార్డ్ డిస్కు మీద ఆధారపడినవి. హెచ్61లో సాటా వేగం 3 గిగాబిట్లే అయినా, ఎస్‌ఎస్‌డీ పెడితే ఆ తేడా బాగా తెలుస్తుంది. అది వచ్చే సెలవుల్లో పెడతాను, ఈసారి చెప్పి.

మీరు మొదలుపెట్టేముందు వరస ఇది:

1. ఆలస్యం నిజంగా ప్రాసెసర్ వల్లేనా, చూడండి.
2. బోర్డు మోడల్, రివిజన్, బయోస్ వెర్షన్ రాసుకుని పట్టికతో సరిచూడండి. కొనడం ఆ తర్వాతే.
3. ఫైళ్ళు ఇంకోచోట దాచండి. బయోస్ పేజీల ఫొటోలు తీయండి.
4. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ మార్చండి.
5. ఒకసారికి ఒక్కటే మార్చండి. లక్షణం మారితే ఆగి, ఎందుకు మారిందో ఆలోచించండి.
6. ఆ కంప్యూటర్ మీద ఎవరి పని ఆధారపడి ఉందో వాళ్ళకి ముందు చెప్పండి.

ఆరోది ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. కనుమ నాడు పక్క వీధి డీటీపీ ఆయన మా షాపుకొచ్చి, "మీ అబ్బాయి మన కంప్యూటర్ కూడా ఒకసారి చూస్తాడా?" అని అడిగారు. నాన్న నా వైపు చూసి, "చూస్తాడు. ముందు బోర్డు నంబరు రాసుకుంటాడు" అన్నారు.