కొబ్బరితోట – నేల ఆరోగ్యం

భూమిని నమ్ముకున్నవాడు చెడిపోడని పెద్దల మాట. అయితే ఆ భూమియే సారము కోల్పోయినచో, దానిని నమ్ముకున్న రైతు గతి యేమి? ఈ ప్రశ్నను కోనసీమ కొబ్బరితోటల ఆధారముగా మనము పరిశీలింతము.

వరి, వేరుశనగ వంటి పైర్లకు పంట మార్పిడి సాధ్యము. కొబ్బరి అట్లు కాదు. అది దశాబ్దాల తరబడి ఒకే పాదులోని ఆహారమును గ్రహించును. ప్రతి దింపులోను కాయలు, వాటితో డొక్కలు తోట దాటిపోవును. మట్టలు పొయ్యి పాలగును. డొక్కలో పొటాషు అధికము. ఇట్లు పోయినదానిని తిరిగి నేలకు చేర్చుటయే సేద్యములోని మూలసూత్రము.

రసాయనిక ఎరువులు చెట్టుకు పోషకములను త్వరగా అందించును గాని, నేలకు సేంద్రియ పదార్థమును సమకూర్చవు. పశువుల ఎరువు, పచ్చిరొట్ట, ఆకుల వానపాముల ఎరువు ఆ లోటును తీర్చును. అవి కుళ్ళినపుడు మట్టి రేణువులు గుల్లలుగా కూడుకొనును. ఇసుక నేలలో తేమ నిలుచును. బంకనేలలో గాలి ఆడును. పాదులలో జనుము, జీలుగ చల్లి పూతదశలో కలియదున్నుట, డొక్కలను కందకములలో పూడ్చుట ఇందుకు తగిన ఉపాయములు.

ప్రకృతి సేద్యములో జీవామృతము ముఖ్యమైనది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 5 నుండి 10 లీటర్ల గోమూత్రము, రెండేసి కిలోల బెల్లము, పప్పుపిండి, గుప్పెడు మట్టి కలిపి పులియబెట్టి ఎకరమునకు వాడుదురు. ఒక్క కొబ్బరిచెట్టుకు ఏటా 500 గ్రాముల నత్రజని, 1200 గ్రాముల పొటాషు సిఫారసు చేయబడినవి. ఒక పర్యాయము ఎకరమంతటికీ పోయు జీవామృతములో ఆ ఒక్క చెట్టుకు చాలినంత నత్రజని కూడ ఉండదు. కనుక అది సూక్ష్మజీవులను ప్రోత్సహించునదే గాని పూర్తి ఆహారము కాదు. ఆకులు, మట్టలు ఆచ్ఛాదనగా పరచి, పచ్చిరొట్ట పెంచినప్పుడే ఆ జీవులకు పని దొరకును.

కావున ఎరువు మానివేయుట మాత్రమే ప్రకృతి సేద్యము కాదు. మట్టి పరీక్ష చేయించి, లోటును గుర్తించి, తోటలో పుట్టినదానిని తోటకే ఇచ్చుట వివేకము. మన కళాశాల ఆవరణలో రాలిన ఆకులను తగులబెట్టక ఒక గోతిలో కుళ్ళబెట్టినచో, ఈ పాఠము విద్యార్థులకు కన్నులారా కనిపించును. ఆ చిన్న ప్రయత్నమునకు కళాశాల సంఘమువారు తోడ్పడుదురని ఆశించుచున్నాము.