వైరింగ్ పనితనం ఉంటే ప్లాంటులోనూ ల్యాబులోనూ కొలువే

మందుల ఫ్యాక్టరీల్లో రియాక్టర్ ఉష్ణోగ్రత కొలవడానికి ఎక్కువగా వాడే సెన్సర్ పీటీ 100. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓములు, వంద డిగ్రీల దగ్గర 138.5. ఒక్కో డిగ్రీకి పెరిగేది 0.4 ఓము కూడా లేదన్నమాట. టెర్మినల్ బ్లాకులో ఒక స్క్రూ వదులై, రాగి మీద చిలుము పట్టి, అక్కడ అర ఓము నిరోధం చేరిందనుకోండి. మీటరు డిగ్రీకి పైగా తేడా చూపిస్తుంది. సెన్సర్ బాగానే ఉంటుంది, మీటరూ బాగానే ఉంటుంది. చెడింది ఆ స్క్రూ దగ్గర జాయింటు ఒక్కటే.

అందుకే 'ఏ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుంది సార్' అని ఐటీఐ, డిప్లొమా పిల్లలు అడిగినప్పుడల్లా ముందు వాళ్ల చేతికి ఒక వైరు ముక్క, దాని కొసకు బిగించే ఒక లగ్గు ఇస్తాను. చాలామంది ఇన్సులేషన్‌ను బ్లేడుతో గీకి, లగ్గును కటింగ్ ప్లయర్‌తో నొక్కేస్తారు. బ్లేడు తగిలి రెండు పోగులు తెగాయని గమనించరు. యంత్రం అదిరే చోట మిగతా పోగులూ అక్కడే విరుగుతాయి.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. వైరు సైజుకు తగిన స్ట్రిప్పర్ గాడిలో పెట్టి ఒలవాలి. వైరు నంబరు తెలిపే ఫెర్రూల్‌ను లగ్గు కంటే ముందే ఎక్కించాలి. మరిచిపోతే లగ్గు కోసేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. పోగులన్నీ లగ్గులోకి వెళ్లాలి, ఇన్సులేషన్ మాత్రం లోహం కింద ఇరుక్కోకూడదు. రాచెట్ క్రింపింగ్ టూల్‌ను అది తనంతట తాను వదిలేదాకా నొక్కి, వైరును గట్టిగా లాగి చూడాలి. క్రింప్ చేసే ముందు పోగులకు సోల్డర్ పూస్తే గట్టిగా ఉంటుందనే నమ్మకం మన వర్క్‌షాపుల్లో బాగా పాతుకుపోయింది. అది తప్పు. సోల్డర్ మెత్తటి లోహం. ఒత్తిడికి మెల్లగా జరిగిపోయి జాయింటును వదులు చేస్తుంది.

ఇది చిన్న పనిలే అనుకునేవారు జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో ఏం జరిగిందో తెలుసుకోవాలి. అక్కడి లార్జ్ హాడ్రన్ కొలైడర్ అనే భారీ యంత్రంలో తొలిసారి కణపుంజం తిరిగింది 2008 సెప్టెంబరు 10న. తొమ్మిది రోజులకే రెండు అయస్కాంతాల మధ్య ఉన్న ఒక్క విద్యుత్ జాయింటు కరిగిపోయింది. దాదాపు 6 టన్నుల హీలియం బయటకు పోయింది. 53 అయస్కాంతాలను సొరంగం నుంచి పైకి తీయాల్సి వచ్చింది. మళ్లీ కణపుంజం తిరిగింది 2009 నవంబరులో. అలాంటి జాయింట్లు ఆ యంత్రంలో పది వేల దాకా ఉన్నాయి. దాన్ని ఆపింది వాటిలో ఒకటే.

ఇక దారి విషయం. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ ట్రేడులు రెండేళ్లవి. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా ఉంది. పది, ఐటీఐ ఉన్నవారికి ఇస్రో టెక్నీషియన్-బి పోస్టులు వస్తుంటాయి, శ్రీహరికోట నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, బీడీఎల్ అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. జీడిమెట్ల, పరవాడ ఫార్మా ప్లాంట్లకు ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లు కావాలి. విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో తయారయ్యే వైద్య పరికరాల లోపలా ఇదే పని. కేబుల్, హార్నెస్ పనికి ప్రపంచమంతా అనుసరించే ప్రమాణం ఐపీసీ 620. దాని సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది. నా మాట వింటే, చేయి కుదిరాకే దానికి డబ్బు కట్టండి.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఒకటి గుర్తుంచుకోండి. ఉష్ణోగ్రత కొలిచే మరో సెన్సర్ థర్మోకపుల్. అమెరికా పద్ధతిలో దాని వైర్లలో ఎరుపు నెగటివ్. ఎరుపంటే పాజిటివ్ అనే అలవాటుతో కలిపేస్తే, వేడి పెరిగేకొద్దీ మీటరు తగ్గుతూ చూపిస్తుంది.

ఈ వారమే కొన్ని మీటర్ల వైరు, ఒక ప్యాకెట్ లగ్గులు కొనుక్కోండి. క్రింపింగ్ టూల్ కొనలేకపోతే కాలేజీ వర్క్‌షాపులో అడిగి తీసుకోండి. రోజూ పది జాయింట్లు చేసి, లాగి చూసి, ఊడినదాన్ని కోసి లోపల ఏమైందో చూడండి. బాగా వచ్చినవి ఒక చెక్క మీద బిగించి ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి.