వారంటీ బండికి లేబర్ చార్జి: ధర్మం ఏమంటుంది?

ఒక సోదరుడు జుమా నమాజు తర్వాత మసీదు వరండాలో నా చేతిలో ఒక బిల్లు పెట్టాడు. ఆయనకున్నది ఒకే డీజిల్ లారీ. తానే నడుపుకుంటాడు. నెలనెలా వాయిదా కట్టాలి. వారంటీ ఉండగానే ఇంజెక్టరు చెడిపోయింది. డీలరు షెడ్డులో నాలుగు రోజులుంచుకుని, ఇంజెక్టరును ఉచితంగానే మార్చారు. తీరా బండి తీసుకోబోతే, లేబర్ చార్జి 11,200 రూపాయలు కట్టమన్నారు. పరీక్షకు 2,000, ఇంజెక్టరు బిగించినందుకు 5,200, బ్రేకులు విప్పి సరిచేసినందుకు 4,000. ముందు ఒక్క మాటా చెప్పలేదు. ఆయన దిగులు చూసి అక్కడి సర్వీసు అడ్వయిజరు ఒక ఉపాయం చెప్పాడట: "రెండో ఇంజెక్టరు కూడా పోయిందని జాబ్ కార్డులో రాస్తాను. ఆ డబ్బు కంపెనీ ఇస్తుంది. మీరు సంతకం పెడితే చాలు."

"మౌలానా, సంతకం పెట్టనా?" అని ఆ సోదరుడి ప్రశ్న.

మన ఇళ్ళలో లారీ యజమానులు, డ్రైవర్లు, మెకానిక్కులు ఎందరో ఉన్నారు. కనుక ఈ విషయం అందరూ తెలుసుకోవలసినదే.

వారంటీ ఒక ఒప్పందం

ఒప్పందాలను నెరవేర్చమని దివ్యఖుర్ఆన్‌లో మాయిదా సూరా తొలి ఆయతే ఆదేశిస్తోంది. అమ్మకంతో పాటు మరమ్మతు షరతు పెట్టుకోవచ్చా అన్న చర్చ పాతదే. చెప్పులు కొంటూ పట్టీ అమర్చి ఇవ్వాలని షరతు పెడితే, జనంలో ఆ వాడుక ఉన్నందున అది చెల్లుతుందని హనఫీ ఫిఖహ్ గ్రంథం 'హిదాయా' తెలుపుతోంది. నేటి వారంటీకి కూడా ఇదే ఆధారం.

కాబట్టి మొదట చూడవలసింది వారంటీ పుస్తకం. విడిభాగం మాత్రమే ఉచితమని అందులో రాసి ఉంటే, కూలి అడగడం డీలరు హక్కు. మనం ఊహించలేదన్న కారణంతో అది అన్యాయం కాదు. లోపాన్ని ఉచితంగా సరిచేస్తామని రాసి, మినహాయింపుల్లో కూలి లేకపోతే మాత్రం అడగడం తగదు. పైగా వారంటీ పనికి సాధారణంగా కంపెనీయే డీలరుకు కూలి చెల్లిస్తుంది. అదే పనికి బండివానివద్ద మళ్ళీ తీసుకోవడం ఒక పనికి రెండు కూలీలు తినడమే. పరస్పర అంగీకారం లేకుండా ఒకరి సొమ్ము ఒకరు తినడాన్ని నిసా సూరా 29వ ఆయతు నిషేధిస్తోంది.

కూలి ముందే తెలియాలి

ఇజారా, అంటే కూలి ఒప్పందం, సక్రమం కావాలంటే పనీ కూలీ రెండూ ముందే తెలిసి ఉండాలి. లేకపోతే వచ్చేది తగాదాయే. దీనికి ఫుఖహాలు చెప్పిన నియమాలు ఇవి:

1. రేటు మాట్లాడకుండా పని చేయమని అప్పగిస్తే, 'ఉజ్రతె మిస్ల్' చెల్లించాలి. అంటే ఆ పనికి బజారులో నడిచే కూలి. ఇష్టం వచ్చినంత కాదు.

2. అప్పగించని పనిని తనంతట తాను చేసినవాడు కూలిని హక్కుగా అడగలేడు. అది ఉపకారం కింద లెక్క.

3. దర్జీ, రంగులద్దేవాడు వంటి పనివారు న్యాయమైన కూలి అందేవరకు వస్తువును తమ వద్ద ఉంచుకోవచ్చు. రాని బాకీ కోసం ఆపడం మాత్రం అన్యాయం.

ఈ లెక్కన ఆ బిల్లు చూద్దాం. ఆ సోదరుని వారంటీ పుస్తకం ప్రకారం ఇంజెక్టరు మరమ్మతు పూర్తిగా ఉచితం. కనుక 5,200 చెల్లదు. పరీక్ష కూడా ఆ మరమ్మతులో భాగమే. లోపం వారంటీ పరిధిలోనిదని తేలింది కనుక 2,000 కూడా చెల్లదు. బ్రేకుల పని ఆయన అప్పగించలేదు. అది హక్కుగా రాదు. అయినా లాభం పొందాడు కనుక మాట్లాడుకుని న్యాయమైన కూలి ఇవ్వడం ఉత్తమం.

ఇక సంతకం మాట. అది అబద్ధపు సాక్ష్యం, కంపెనీ సొమ్మును అక్రమంగా తినడం. మనకు జరిగిన అన్యాయం మరొకరిని మోసగించడానికి అనుమతి పత్రం కాదు. ధాన్యపు రాశి లోపల తడిని దాచిన వ్యాపారిని దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా మందలించిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. పైన పొడి కాగితం, లోపల అబద్ధపు తడి పెట్టే జాబ్ కార్డుకూ అదే తీర్పు.

మనం చేయవలసినది

2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 ప్రమాణాలు వచ్చాక డీజిల్ బండ్లలో పొగను శుద్ధి చేసే పరికరాలు, సెన్సార్లు పెరిగాయి. చాలా లోపాలను కంప్యూటరు పెట్టి చూడవలసిందే. డీలరుపై ఆధారపడక తప్పని స్థితిలో జాగ్రత్త మరింత అవసరం. బాకీని రాసుకోమని బఖరా సూరా 282వ ఆయతు నేర్పుతోంది. అదే అలవాటు ఇక్కడ కూడా పాటించండి.

బండి అప్పగించేటప్పుడే ఎస్టిమేటు రాయించుకోండి. "నన్ను అడగకుండా వేరే పని చేయవద్దు" అని జాబ్ కార్డులో రాయించండి. లోపం వారంటీలోకి రాకపోతే విప్పిన కూలి ఎంతో ముందే అడగండి. బిల్లులో ప్రతి పనినీ విడివిడిగా చూపమనండి. బండి ఆగితే బతుకు ఆగే పరిస్థితి ఉంటే, "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి కట్టి, రశీదు భద్రపరచుకోండి. తర్వాత 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పుకోవచ్చు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే బండి కొన్నవారిని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే గుర్తిస్తుంది. కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు.

షెడ్డుల్లో పనిచేసే సోదరులకూ ఒక మాట. రేటు ముందే చెబితే గిరాకీ తగ్గదు, బర్కత్ తగ్గదు. బండి యజమానులారా! న్యాయమైన కూలిని మీరూ ఎగ్గొట్టకండి. పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసులో ఉంది.

ఆ సోదరుడు సంతకం పెట్టలేదు. వారంటీ పుస్తకం పట్టుకుని మేనేజరును కలిశాడు. రెండు పద్దులు కొట్టేశారు. బ్రేకుల పనికి ఆటోనగర్ రేటు విచారించి, 2,500 ఇచ్చి బండి తెచ్చుకున్నాడు.

హలాల్ సంపాదనతో మన ఇళ్ళు నిండేలా అల్లాహ్ అనుగ్రహించుగాక! ఆమీన్.